చెవి వెనక కొండగుర్తులు

మీ చూపుడువేలిని చెవిరంధ్రానికి కాస్త పైన, కాస్త వెనగ్గా ఉండే దొప్పలో పెట్టి నొక్కి చూడండి. మెత్తటి మృదులాస్థి కింద గట్టి ఎముక తగులుతుంది. అక్కడ ఎముకను తొలుచుకుంటూ పోతే, పెద్దవాళ్లలో సుమారు 15 మిల్లీమీటర్ల లోతున ఒక చిన్న గాలిగది వస్తుంది. దాని పేరు ఆంట్రం. నడిచెవిలో పుట్టిన చీము వెనకనున్న ఎముకలోకి పాకాలంటే ఈ గది మీదుగానే పోవాలి. గది కప్పు మీద మెదడు పొర. వెనక గోడకు అవతల, మెదడు నుంచి రక్తాన్ని మెడలోకి దించే సిగ్మాయిడ్ సిర. ముందుపక్క, ముఖాన్ని కదిలించే నాడి. డాక్టరు చెయ్యి కాస్త పైకి జరిగితే ఒక గండం, వెనక్కి జరిగితే మరో గండం, ముందుకు జరిగితే రోగికి మూతి వంకర.

లోపల ఉన్నవేవీ పైకి కనపడవు. పైన కనిపించే గుర్తును పట్టుకుని లోపలిదాన్ని పోల్చుకోవాలి. అలాంటి గుర్తుకు తెలుగులో చక్కటి మాట ఉంది: కొండగుర్తు.

బెజవాడవాళ్లకు ఈ మాటను విడమర్చి చెప్పనక్కర్లేదు. 1852లో మొదలుపెట్టి 1855 నాటికి కెప్టెన్ ఛార్లెస్ ఆర్ కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టించింది ఇటు ఇంద్రకీలాద్రికీ అటు సీతానగరం కొండకీ మధ్య నది ఇరుకయ్యే చోటనే. 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీదీ ఆ చోటే. అక్కడి నీళ్లే బందరు కాలువగా, ఏలూరు కాలువగా, రైవస్ కాలువగా ఊరిని చీల్చుకుని పోతాయి. మన స్కూలు పుస్తకాలు లోపలి చెవిలోని మూడు వంపు గొట్టాలను అర్ధవర్తుల కుల్యలంటాయి. కుల్య అంటే కాలువే. మూడు కాలువల ఊరివాళ్లకు మూడు కాలువల చెవి మరీ పరాయిదేం కాదు.

చెవి వైద్యం ఈ కొండగుర్తులను ఒక్కొక్కటిగా కనిపెట్టిన వరుసను వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఇవాళ ఆపరేషన్ బల్ల మీద డ్రిల్లు రెండు మూడు గంటల్లో నడిచే దారి ఉంది కదా, చర్మం నుంచి ఎముకకు, ఎముక నుంచి గదికి, గది నుంచి నాడి అంచుకు, అక్కణ్నుంచి లోపలి చెవిలోని నత్తగుల్లకు (కాక్లియాకు). చరిత్ర కూడా ఇంచుమించు ఆ దారినే నడిచింది. కాకపోతే దానికి వందల ఏళ్లు పట్టింది.

చర్మం మీది గుర్తులు

మన దేశంలో చెవికి సంబంధించి రాసిపెట్టిన తొలి గుర్తుల్లో ఒకటి చెవితమ్మె మీద ఉంది. పసిపిల్లలకు చెవులు కుట్టే విధానం చెబుతూ సుశ్రుత సంహిత, తమ్మెను లాగిపట్టి ఎండకు చూడమంటుంది. వెలుతురు దిగి కనిపించే పల్చటి చోటు సహజంగా ఏర్పడినదనీ, కుట్టవలసింది అక్కడేననీ దాని మాట. పక్కకు తప్పి రక్తనాళాల మీద కుడితే వచ్చే బాధలను కూడా ఏకరువు పెడుతుంది. గుర్తు చెప్పడం, గుర్తు తప్పితే ఏమవుతుందో చెప్పడం: శస్త్రవైద్యం రాసుకున్న ప్రతి పుస్తకం తీరూ ఇదే.

ఆ గ్రంథమే చెవి వెనక, కింది భాగంలో విధుర అనే మర్మస్థానం ఉందనీ, అక్కడ దెబ్బ తగిలితే చెవుడు వస్తుందనీ చెబుతుంది. విజయవాడలోని నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల వంటి చోట్ల విద్యార్థులు మర్మాల పాఠంలో ఈ పేరు ఇవాళ్టికీ చదువుతారు. చెవి వెనకున్న ఎముకకూ వినికిడికీ ఏదో లంకె ఉందని ఆనాటివాళ్లు గమనించారు. ఆ ఎముక లోపలి గదుల లెక్క మాత్రం తేలడానికి చాలా కాలం పట్టింది.

ఆ లెక్క ఇటలీలో మొదలైంది. గాబ్రియెలె ఫల్లోపియో 1561లో అచ్చువేసిన పుస్తకంలో, ముఖనాడి కణత ఎముకలో తనకంటూ ఒక సొరంగం చేసుకుని పోతుందని వర్ణించాడు. ఆ సొరంగానికి ఇప్పటికీ ఆయన పేరే. 1704లో అంటోనియో వల్సాల్వా మనిషి చెవి మీద ఒక పూర్తి గ్రంథం వెలువరించాడు. ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి పోయేలా ఊదడాన్ని వైద్యులు నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇవన్నీ శవాల మీద నేర్చిన పాఠాలు. బతికున్న మనిషి మీద ఆ జ్ఞానాన్ని వాడటానికి ధైర్యం కావాలి, అంతకంటే ముందు దారి తెలియాలి.

ధైర్యం ముందొచ్చింది. 1736లో పారిస్ సర్జన్ జాన్ లూయీ పెటీ చెవి వెనక ఎముకను తొలిచి చీము బయటికి తీశాడు. కొన్నేళ్లకు మరికొందరు అనుసరించారు. 1791లో డెన్మార్క్ రాజాస్థాన వైద్యుడు బెర్గర్ తన చెవుడు, చెవిలో హోరు తగ్గుతాయన్న ఆశతో ఈ ఆపరేషన్ చేయించుకున్నాడు. చీము లేని చెవికి చీము ఆపరేషన్ అది. కొద్దిరోజుల్లోనే మెదడు పొరల వాపుతో చనిపోయాడు. పేరున్న వైద్యుడే పోయేసరికి యూరప్‌లో చాలాకాలం ఎవరూ ఆ ఎముక జోలికి పోలేదు.

19వ శతాబ్దం నడుమ డబ్లిన్‌లో విలియం వైల్డ్ చెవి వెనక గడ్డలకు గాటు ఎక్కడ పెట్టాలో పద్ధతిగా చెప్పాడు. ఆయన రచయిత ఆస్కార్ వైల్డ్‌కు తండ్రి. ఆ గాటు ఎముక పైపొర దాకా పోయి ఆగింది.

ఎముక మీది త్రికోణం

ఎముకను దాటే దారిని ఒక పద్ధతిలో పెట్టింది జర్మనీలోని హాలెకు చెందిన హెర్మన్ ష్వార్ట్‌జె. 1873లో ఆయన, ఆయన సహాయకుడు ఐజెల్ కలిసి ఏ రోగికి ఎముక తెరవాలి, ఎక్కడ, ఎంత అన్నది రాసిపెట్టారు. సుత్తి, ఉలి పట్టుకుని పొరపొరగా చెక్కే ఆపరేషన్ అది. బెర్గర్ చావుతో అటకెక్కిన పని ఎనభై ఏళ్ల తర్వాత మళ్లీ కిందికి దిగింది.

ఇక ఉలి మొదటి దెబ్బ ఎక్కడ పడాలి? దానికి జవాబు గ్లాస్గోలో దొరికింది. విలియం మెక్‌ఈవెన్ తలలను గడ్డకట్టించి, అడ్డంగా నిలువుగా కోసి, ఏ పొర కింద ఏముందో ఒక అట్లాసులో అచ్చువేశాడు. చెవి చీము మెదడుకు పాకితే ఏం చేయాలో చెప్పే ఆయన మరో పెద్ద గ్రంథమూ ఆ ఏడాదే, 1893లో వచ్చింది. ఆయన గీసిన త్రికోణం ఇలా ఉంటుంది: చెంప ఎముక మొదలు నుంచి వెనక్కి సాగే గీత పై భుజం, చెవిరంధ్రపు వెనక అంచు ముందు భుజం, ఆ అంచును ఆనుకుని నిలువుగా గీసిన గీత మూడో భుజం. దాని కింద ఆంట్రం ఉంటుంది. ఇందాక మీరు వేలు పెట్టింది ఈ త్రికోణం మీదనే. దాని ముందు మూలలో చాలామందికి ముల్లులా ఒక చిన్న మొన ఉంటుంది. జర్మన్ అనాటమీ పండితుడు హెన్లే పేరుమీద దాన్ని హెన్లే ముల్లు అంటారు. చర్మం పక్కకు తీయగానే సర్జన్ కన్ను మొదట వెతికేది దాన్నే.

ఈ గుర్తుల్లో మోసగించేవి కూడా ఉన్నాయి. కొందరిలో గాలిగదుల మధ్య ఒక గట్టి పలక అడ్డుంటుంది. తొలుచుకుపోతూ అది తగలగానే గది అడుగు వచ్చేసిందనిపిస్తుంది. అసలు ఆంట్రం దానికి అవతల ఉంటుంది. ఆ దొంగ అడుగుకు ఓటో కోర్నర్ పేరు పెట్టారు. చిన్నపిల్లల్లో లెక్క మరీ వేరు. పుట్టినప్పుడు ఆంట్రం కేవలం రెండు మిల్లీమీటర్ల లోతునే ఉండి, ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి పోతుంది. చెవి వెనక చేతికి తగిలే ఎముక గడ్డ పసిబిడ్డకు ఉండదు. మెడ నిలిపి, తల తిప్పి, దానికి అంటుకున్న మెడ కండరం లాగుతూ ఉంటే మెల్లగా పెరుగుతుంది. అది పెరిగేదాకా ముఖనాడి దాదాపు చర్మం కిందే ఉన్నట్టు. పెద్దవాళ్లకు పెట్టినట్టు అక్కడ గాటు పెడితే బిడ్డ నవ్వు జీవితాంతం ఒక పక్కకే ఉండిపోతుంది.

డెల్టా చెవి

ఈ విద్య మన డెల్టాకు మదరాసు మీదుగా వచ్చింది. 1835లో మొదలైన మదరాసు వైద్య పాఠశాలే తెలుగు విద్యార్థులకు ఇంగ్లీషు వైద్యం నేర్చుకునే దారి. 1883లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషన్ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ కట్టించిన ఆస్పత్రి వంటివి డెల్టా రోగులకు తొలి ఆసరా. 1923లో విశాఖలో ఇప్పటి ఆంధ్ర వైద్య కళాశాల వచ్చింది. 1946లో గుంటూరు వైద్య కళాశాల. విజయవాడకు సిద్ధార్థ వైద్య కళాశాల 1980లో వచ్చి, ఆ తర్వాత ప్రభుత్వపరమైంది. 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం కూడా ఈ ఊళ్లోనే వెలిసింది. 2018లో మంగళగిరి ఎయిమ్స్, 2023లో మచిలీపట్నం ప్రభుత్వ వైద్య కళాశాల. మదరాసు రైలెక్కి నేర్చుకోవలసిన చదువు ఇప్పుడు కృష్ణకు రెండు గట్లమీదా దొరుకుతోంది.

రోగం మాత్రం ముందునుంచీ ఇక్కడే ఉంది. చెవి కారడం ఎరగని డెల్టా పల్లె ఉండదు. జలుబు చెవికి దిగుతుంది, కర్ణభేరికి చిల్లు పడుతుంది, ఆ చెవితో పిల్లలు చెరువుల్లో కాలువల్లో ఈత కొడతారు, మానబోయే చిల్లు మళ్లీ చీము పడుతుంది. దానికి తోడు ఇంటి వైద్యం ఉండనే ఉంది. వెల్లుల్లిపాయ వేసి కాచిన నూనె చుక్కలు, గుబిలి తీసే కోడి ఈక, పిన్నీసు, అగ్గిపుల్ల. చెవిపోటు తగ్గకపోతే గూబకు వేడి కాపడం. చీము కారినన్నాళ్లూ కారి, ఒకరోజు కారడం ఆగి, చెవి వెనక ఎర్రగా వాచి, చెవి ముందుకు తోసుకొస్తే అప్పుడు బండి కట్టేవారు. ఆ వాపు ఉన్నచోటు సరిగ్గా మెక్‌ఈవెన్ త్రికోణం. గ్లాస్గోలో తలలు కోసి కనుక్కున్న చోటును రోగం తనంతట తానే తోసి చూపించేది. కొందరిలో చీము ఎముక కొసను చీల్చుకుని మెడలోకి దిగేది. 1881లో ఫ్రీడ్రిక్ బెజోల్డ్ వర్ణించిన గడ్డ అది. కొందరిలో పైకి ఎక్కేది. అప్పుడు జ్వరం, వాంతులు, మగత. మెదడుకు పాకింది అన్న మాట ఆ రోజుల్లో ఇంటికి తీసుకెళ్లమని చెప్పడంతో సమానం.

చావు నుంచి వినికిడికి

20వ శతాబ్దం నడిమికి రెండు సంగతులు కలిసొచ్చాయి. ఒకటి మందులు. 1930లలో సల్ఫా మందులు, 1940లలో పెన్సిలిన్, ఆ వెనకే 1948లో ఆరియోమైసిన్. ఈ చివరిది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా వచ్చింది. అప్పుడు అక్కడ పరిశోధనలను నడిపిస్తున్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. చీముతో చచ్చిపోయే పిల్లల సంఖ్య తగ్గేసరికి, సర్జన్ల ధ్యాస ప్రాణం నుంచి వినికిడి మీదికి మళ్లింది.

రెండోది చూపు. 1921లో స్వీడన్‌లో కార్ల్ ఒలోఫ్ నీలెన్ మైక్రోస్కోపు కింద చెవి ఆపరేషన్ చేశాడు. మరుసటి ఏడాది అక్కడి గున్నార్ హోమ్‌గ్రెన్ రెండు కళ్లతో చూసే మైక్రోస్కోపు వాడాడు. 1953లో జైస్ కంపెనీ మైక్రోస్కోపు మార్కెట్లోకి రాగానే చెవి వైద్యుడికి అదే మూడో కన్నయింది. సుత్తి, ఉలి పోయి డ్రిల్లు వచ్చింది. జర్మనీలో వుల్‌స్టైన్, జోల్నర్ చిల్లుపడ్డ కర్ణభేరిని కట్టి, పోయిన చెవి ఎముకల వరసను అతికే పద్ధతులు చెప్పారు. 1956లో అమెరికాలో జాన్ షే, బిగుసుకుపోయిన అంకవన్నె ఎముకను తీసి కృత్రిమ ఎముకను పెట్టాడు. ఒంట్లోకెల్లా చిన్న ఎముక అది. పొడవు మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ.

మైక్రోస్కోపు కింద కొండగుర్తుల సైజు కూడా మారిపోయింది. త్రికోణమూ ముల్లూ ఊరి పొలిమేర గుర్తులయ్యాయి. ఆంట్రం తెరవగానే లోపల నున్నగా, పచ్చటి దంతపు రంగులో ఒక గట్టి గుబ్బ మెరుస్తుంది. అది మూడు కుల్యల్లో పక్కకు తిరిగి ఉండే కుల్య. అది కనపడగానే సర్జన్ ఊపిరి పీల్చుకుంటాడు, ఎందుకంటే రోగం మిగతా ఎముకనంతా తినేసినా అది చాలావరకు నిలిచే ఉంటుంది. దాని ముందు, నడిచెవి ఎముకల్లో ఒకటైన దాగలి పొట్టి కొన. ఈ రెంటినీ పట్టుకుని చూస్తే ముఖనాడి ఎక్కడ వంపు తిరిగి కిందికి దిగుతుందో తెలుస్తుంది. సుమారు మిల్లీమీటరు మందం నాడి. దాని మీదా డ్రిల్లు నడుస్తుంది. ఎముక పల్చబడి, గులాబీ రంగు ఛాయ కనిపించగానే ఆగాలి. నీళ్లు ధారగా పోస్తూనే ఉండాలి, లేకపోతే డ్రిల్లు వేడికే నాడి కమిలిపోతుంది.

వడ్లగింజంత సందు

చివరి కొండగుర్తు ఒక సందు. ఒక పక్క ముఖనాడి, ఇంకో పక్క నాలుకకు రుచి మోసే సన్నటి నాడి, పైన దాగలి ఆనుకునే ఎముక దూలం. ఈ మూడింటి మధ్య వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు. డెల్టా లెక్కలో వడ్లగింజ వెడల్పు. 1950ల చివర జర్మనీలో క్లాస్ యాన్సెన్ ఈ సందుగుండా నడిచెవిలోకి దారి తీశాడు. చెవినాళం గోడను కొట్టేయకుండా లోపలి రోగాన్ని తీయాలన్నది అప్పటి ఉద్దేశం.

ఆ సందుకు అసలు గిరాకీ తర్వాత వచ్చింది. 1957లో పారిస్‌లో జూర్నో, ఎయిరియెస్ అనే ఇద్దరు శ్రవణనాడికి కరెంటు తాకించి చెవిటి మనిషికి శబ్దం తెలిసేలా చేశారు. 1961లో లాస్ ఏంజెలస్‌లో విలియం హౌస్, 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ దాన్ని ముందుకు తీసుకెళ్లారు. మన దేశంలో 1987లో ముంబైలో డాక్టర్ సాండ్రా డిసౌజా కాక్లియర్ ఇంప్లాంట్ మొదలుపెట్టారు. చెవి వెనక ఎముకలో ఇంప్లాంట్‌కు గుంట తీసి, త్రికోణం నుంచి ఆంట్రానికి, ఆంట్రం నుంచి పక్క కుల్యకు, అక్కణ్నుంచి వడ్లగింజ సందుకు వెళ్లి, అవతల కనిపించే గుండ్రటి కిటికీలోంచి సన్నటి ఎలక్ట్రోడు తీగను నత్తగుల్లలోకి తోస్తారు. ఫల్లోపియో నుంచి యాన్సెన్ దాకా నాలుగు వందల ఏళ్ల గుర్తులన్నీ ఈ ఒక్క ఆపరేషన్‌లో వరసగా నిలబడి దారి చెబుతాయి.

ఇందులో ప్రకృతి మనకు చేసిన మేలు ఒకటుంది. నత్తగుల్ల, చెవి ఎముకలు, ఆ సందు పుట్టుకతోనే దాదాపు పెద్దవాళ్ల సైజులో ఉంటాయి. అందుకే ఏడాది బిడ్డకు కూడా ఈ ఆపరేషన్ చేయగలుగుతున్నారు. మాట నేర్చే వయసు దాటకముందే చేయాలి కూడా. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ ఆపరేషన్‌ను పిల్లలకు వర్తింపజేయకపోతే, లక్షలు ఖరీదు చేసే ఈ పరికరం పేరు కౌలురైతు ఇంట్లో వినిపించేది కాదు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టు చెవుడును కూడా వెతికిపట్టవలసిన జబ్బుల జాబితాలో చేర్చింది.

తెర మీది బొమ్మ, చేతిలోని ఎముక

ఇప్పుడు ఆపరేషన్‌కు ముందే సీటీ స్కాను చెవి లోపలంతా తెరమీద పరిచి చూపిస్తుంది. సిర ముందుకు తోసుకొచ్చిందా, మెదడు పొర కిందికి వేలాడిందా, నాడి సొరంగం ఎక్కడైనా తెరుచుకుని ఉందా అన్నది ముందే తెలుస్తుంది. నాడి దగ్గరికి వెళ్తే కూత పెట్టే మానిటర్లున్నాయి. మరి పాత కొండగుర్తులతో పనేముంది?

పనుంది. ఏళ్ల తరబడి చీము కారిన చెవిలో గాలిగదులు పూడిపోయి ఎముక దంతంలా బిగుసుకుపోతుంది. మెత్తటి తేనెపట్టులాంటి ఎముకలో దారి చూసుకోవడం వేరు, ఆ బండలో వేరు. మన చెరువుల, కాలువల చెవి ఎక్కువగా ఈ రెండో రకం. పైగా ఏ రెండు ఎముకలూ ఒకలా ఉండవు. ఒకరికి హెన్లే ముల్లు సూదిలా ఉంటే మరొకరికి అసలుండదు. ఈ తేడాలను కొలుస్తూ మన అనాటమీ శాఖలు ఇప్పటికీ పుర్రెలను పరిశీలిస్తూనే ఉన్నాయి. స్కాను బొమ్మ చూపిస్తుంది. తొలిచేది చెయ్యి. చేతికి ఆ పాఠం ఎముక మీదే అబ్బుతుంది.

ఆ ఎముక ఎక్కణ్నుంచి వస్తుంది? ఒకప్పుడు ప్రపంచమంతటికీ అస్థిపంజరాలు ఎగుమతి చేసిన దేశం మనది. 1985లో ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేసింది, ఆపి మంచిపనే చేసింది. వైద్య విద్యార్థులు సీనియర్ల దగ్గర ఎముకల సెట్టు కొనుక్కుని చదివిన రోజులు పోయి ప్లాస్టిక్ ఎముకలు వచ్చాయి. ప్లాస్టిక్ పుర్రె మీద త్రికోణం గీయవచ్చు, హెన్లే ముల్లును వేలితో తడమవచ్చు. డ్రిల్లు పట్టుకుని నిజమైన ఎముకలోకి దిగుతున్నప్పుడు చప్పుడు మారడం, గులాబీ ఛాయ ఎదురవడం, కోర్నర్ దొంగ అడుగు తగలడం మాత్రం దానిమీద అచ్చంగా రావు. రేపు మీ మనవరాలికి ఇంప్లాంట్ పెట్టబోయే డాక్టరు ఇవాళ ఏదో కళాశాలలో మొదటిసారి డ్రిల్లు పట్టుకుంటూ ఉంటాడు. ఆ మొదటిసారి బతికున్న చెవి మీద కాకూడదు.

ఒక మనిషి దేహంలో కణత ఎముకలు రెండు. దేహదానం చేసిన ఒక్కరు ఇద్దరు యువ సర్జన్లకు దారి చూపించి పోతారు. పెద్ద తతంగమేమీ లేదు. దగ్గరి వైద్య కళాశాల అనాటమీ శాఖకు వెళ్లి, ఫారం నింపి, ఆ మాట ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఒప్పించండి. ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే ఫారం బీరువాలోనే ఉండిపోతుంది.